చెప్పిన ధరకే ఇచ్చెయ్యాలి

రేసు కార్ల తనిఖీ ఉద్యోగంలో చేరబోయేవాళ్ళు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. “మేడమ్, ఆ కార్లు ఎంత స్పీడు పోతాయి?”

నాకు తెలీదు. పద్ధెనిమిదేళ్ళు ఆ పని చేశాను, ఇప్పటికీ సరిగ్గా తెలీదు. నేను చూసిన కార్లన్నీ ఆగి ఉన్నవే. రేసుకు ముందు ఒకసారి, రేసయ్యాక పొగలు కక్కుతూ వచ్చి ఆగినప్పుడు ఇంకోసారి. మధ్యలో ఏం జరిగిందో మావారు టీవీలో చూసి, నేను ఇంటికెళ్ళాక చేతులు తిప్పుతూ చెప్పేవారు.

దొంగల్ని పట్టుకునే ఉద్యోగమని ఇంకొందరు అనుకుంటారు. అదీ తప్పే. ఎక్కువ రోజులు మేం చేసే పని వాదించడం. ఒక నట్టు ఎంత పొడవుండాలి, ఒక పార్టుకు ఎంత ఖర్చు పెట్టొచ్చు, నియమంలో “మరియు” అని ఉందా “లేదా” అని ఉందా అని పెద్దపెద్ద మనుషులు గంటలకొద్దీ గొంతు చించుకుంటారు. మీకు అలాంటి వాదనలంటే సరదా లేకపోతే ఈ ఉద్యోగం జోలికి రాకండి. నాకు మహా సరదా. అందుకే పద్ధెనిమిదేళ్ళు ఉన్నాను.

తూకపు రాళ్ళు

మాది పిఠాపురం. డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక మావారి వెనకాల ఖతార్ వచ్చాను. రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. ప్లాంటులోని ప్రెషర్ గేజీలు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి, పైన చీటీ అంటించడం నా డ్యూటీ.

ఒక చలికాలం, దోహాకు ఉత్తరాన ఉన్న రేసు ట్రాక్ వాళ్ళు మా కంపెనీని తూకపు రాళ్ళు అరువడిగారు. కార్లు తూచే కాటా సరిగ్గా ఉందో లేదో వాళ్ళు చూసుకోవాలట. రాళ్ళు పోతాయేమోనని మా మేనేజరు వాటితోపాటు నన్నూ వ్యానెక్కించాడు.

అక్కడ తనిఖీ విభాగానికి పెద్ద అబూ సాలెం. ఒకప్పుడు ఎడారి ర్యాలీల్లో కారు నడిపిన ఖతారీ ఆయన. మాలాంటి వాళ్ళతో ఉర్దూలో మాట్లాడేవాడు. నేను కాటా దగ్గరికి వెళ్ళేసరికి ఆయన దాని మీద నించుని కోపంగా ఉన్నాడు.

“నూట నాలుగు చూపిస్తోంది. నా డాక్టరు వందే అన్నాడు. ఈ కాటా పనికిరాదు,” అన్నాడు.

ఆయన్ని దిగమన్నాను. ఇరవై కిలోల రాళ్ళు ఒకటొకటిగా పెట్టుకుంటూ పోయాను. ఇరవై, నలభై, అరవై, ఎనభై, వంద. ఒక్క గ్రాము తేడా లేదు.

“కాటా బానే ఉందండీ,” అన్నాను.

ఆయన నన్నూ, రాళ్ళనూ, తన పొట్టనూ వరసగా చూసుకున్నాడు. “అయితే అబద్ధం ఎవరిది?”

“డాక్టరుగారిదైనా అయ్యుండాలి, ఆ తర్వాత తిన్న బిర్యానీదైనా అయ్యుండాలి.”

ఆయన నవ్విన నవ్వుకి పక్క షెడ్డులో మెకానిక్కులు పని ఆపేసి తొంగిచూశారు. వచ్చే వారం నుంచి సెలవు రోజుల్లో వచ్చి తనకు సాయం చేయమన్నాడు. రెండేళ్ళకు గ్యాస్ కంపెనీ వదిలేసి పూర్తిగా అక్కడే చేరాను. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. “ముహందిసా” అనేవాడు. ఇంజనీరమ్మా అని.

పై అధికారి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే, ఆయనకు నచ్చని అంకె ఒకటి చెప్పి చూడండి. అంతకంటే మంచి పరీక్ష నాకు దొరకలేదు.

నేను చేసిన తప్పు

ఇక మల్లేశం సంగతి. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మట్టి తవ్వే యంత్రాల మెకానిక్‌గా ఖతార్ వచ్చాడు. తర్వాత దేశం ఉత్తరపు కొసనున్న మదీనత్ అల్ షమాల్ ఊళ్ళో ఒక చిన్న గ్యారేజీలో చేరాడు. ఆ గ్యారేజీ యజమానికి రేసుల పిచ్చి. అలా మల్లేశం మామూలు కార్లనే రేసుకి మార్చి నడిపే మా టూరింగ్ కార్ల పోటీలో ఆరు టీముల్లోకీ చిన్నదైన షమాల్ టీముకి హెడ్ మెకానిక్ అయ్యాడు. మొత్తం ఐదుగురు మనుషులు, రెండు కార్లు. డ్రైవర్లకు తప్ప ఎవరికీ యూనిఫారం లేదు.

ఆ టీము మొదటిసారి రేసు గెలిచిన రోజున నేనే వాళ్ళని అనర్హుల్ని చేశాను.

కారు అడుగుభాగం నేలకు ఇంత ఎత్తులో ఉండాలని నియమం. కారు కింద పరిచిన అల్యూమినియం పలక మీద గేజీ పెట్టి కొలుస్తాం. మల్లేశం కారు మూడు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. మూడుసార్లు కొలిచాను, అంతే వచ్చింది. కాగితం మీద రాసి సంతకం పెట్టాను. కప్పు రెండో స్థానంలో వచ్చిన వేరే టీముకి వెళ్ళింది.

మల్లేశం వాదించలేదు. “బండి ఎత్తు నేను పొద్దుగాల్నే సూసిన అక్కా. సరిగనే ఉండె,” అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డు కడుగుతూ పలకలు లేపించాను. నడిమి పలక కింద ఒక ఖర్జూరం గింజ ఉంది. ముందురోజు పొద్దున పలకలు జరిపి పరిచినప్పుడు దూరినట్టుంది. నేను గేజీ పెట్టింది సరిగ్గా దాని మీదే. చక్రాలు పక్క పలకల మీదున్నాయి. గింజ ఈ పలకను మూడు మిల్లీమీటర్లు లేపితే, కారు మూడు మిల్లీమీటర్లు దిగిపోయినట్టు కనిపించింది.

పదేళ్ళు గేజీలను అనుమానించడమే పనిగా బతికినదాన్ని. ఆ ఒక్కరోజు మాత్రం నా గేజీని కాక మల్లేశాన్ని అనుమానించాను. గింజను టిష్యూ కాగితంలో చుట్టుకుని నేరుగా అబూ సాలెం దగ్గరికెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఖలాస్ ఖర్జూరం,” అన్నాడు.

ఖలాస్ అనేది ఖర్జూరంలో ఒక రకం. అరబీలో ‘అయిపోయింది’ అనడానికీ అదే మాట. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన తల ఊపి, “నిన్న నేనే తిన్నాను. ఆ పెట్టె షెడ్డులోకి తెచ్చింది నేనే. ఇద్దరం కలిసి చెప్పుకుందాం, పద,” అన్నాడు.

అన్ని టీముల్నీ పిలిచి, గింజ చూపించి, తప్పు నాదని చెప్పాను. గెలుపు మల్లేశం టీముకే తిరిగి రాశాం. అందరూ చప్పట్లు కొట్టారు. మల్లేశం కప్పు తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

“కప్పు మల్ల అచ్చిందక్కా. గని ఆ దినం మావోళ్ళు ఎగురుదామనుకున్నరు సూడు, ఆ ఎగురుడు మల్ల రాదు గదా,” అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. తప్పు ఒప్పుకోవడం మంచిదే గానీ, ఒప్పుకోగానే అంతా సర్దుకుంటుందని అనుకోకండి.

నాలుగు మీటింగులు

నా చివరి సీజనుకు ముందు మా పోటీ మూతపడే స్థితికి వచ్చింది. కారణం షాక్ అబ్జార్బర్లు.

మీరు నవ్వినా అదే నిజం. ఇంజనూ టైర్లూ అందరికీ ఒకే రకం. షాక్ అబ్జార్బర్లు మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. అన్నిటికంటే డబ్బున్న టీముకి మేనేజరు గ్రెగర్. యూరప్ నుంచి వచ్చిన పొడుగాటి మనిషి. ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ చేతిలో టాబ్లెట్. అతను ఒక్క కారు షాక్ అబ్జార్బర్లకు పెట్టే ఖర్చుతో మల్లేశం టీము సగం సీజను నడుస్తుంది. గ్రెగర్ గెలుస్తూనే ఉన్నాడు. ఖర్చు తట్టుకోలేక రెండు టీములు మానేస్తామన్నాయి. నాలుగు టీములతో పోటీ నడపలేమని నిర్వాహకులు తేల్చి చెప్పారు. పోటీ పోతే మల్లేశం గ్యారేజీ మళ్ళీ పికప్ బండ్లకు ఆయిలు మార్చుకోవాల్సిందే. మా తనిఖీ విభాగం కూడా ఇంటికే.

అందుకని ఖర్చుకు పరిమితి పెట్టారు. ఒక కారు షాక్ అబ్జార్బర్ల సెట్టు ఆరు వేల రియాళ్ళు దాటకూడదు. ఇది ఒక్క నిమిషంలో అయింది. దాటారో లేదో ఎలా కనిపెట్టాలన్నదానికి నాలుగు మీటింగులు పట్టాయి.

“ధరకి హద్దు పెడితే తెలివికి హద్దు పెట్టినట్టే,” అన్నాడు గ్రెగర్. ఆ మాటలో నిజం లేకపోలేదు.

“బిల్లు చూపించాలి,” అన్నారొకరు.

“బిల్లుదేముంది, ఎంతకంటే అంతకి రాసిస్తారు,” అన్నారింకొకరు.

“సొంతంగా చేసుకున్నోనికి బిల్లెక్కడిది?” అని మల్లేశం అడిగాడు. “నేను పాత పికప్ షాకులు ఇప్పి, కడిగి, లోపల మార్చి చేసుకుంట. నా కష్టానికి ఎంత రేటు కట్టాలె? చెప్పుండ్రి, ఇనాలని నాక్కూడ ఉంది.”

హాలంతా నవ్వింది. కరక్ చాయ్ మళ్ళీ వచ్చింది. మూడో మీటింగుకి గ్రెగర్ బిల్లు పట్టుకొచ్చాడు. అతని ధగధగలాడే జర్మన్ షాక్ అబ్జార్బర్ల సెట్టు ధర సరిగ్గా ఆరు వేల రియాళ్ళు. రియాల్లో నూరోవంతైన దిర్హం ఒక్కటి పైన లేదు, ఒక్కటి కింద లేదు. అబూ సాలెం ఆ బిల్లుని దీపానికి ఎత్తిపట్టి చూశాడు.

“మాషా అల్లా,” అన్నాడు. “ఎంత అదృష్టం!”

అందరూ పడీపడీ నవ్వారు, గ్రెగర్ తప్ప. నవ్వు సరే, అది దొంగ బిల్లని నిరూపించే దారి ఎవరి దగ్గరా లేదు. ఆ మీటింగు కూడా అలాగే ముగిసింది.

ఫ్రిజ్జు

ఆ వారం దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా విల్లాలో ఒక తగువు. ఆ విల్లాలో మేమూ ఇంకో రెండు కుటుంబాలూ వాటాలు చేసుకుని ఉంటాం. ఆ రెండు కుటుంబాలూ కలిసి ఒక ఫ్రిజ్జు కొనుక్కున్నాయి. ఒకాయన ఇండియా వెళ్ళిపోతూ తన సగం వాటా అమ్ముతానన్నాడు. ఫ్రిజ్జు కొత్తదానితో సమానమని ఆయన, తలుపు కూడా సరిగ్గా పడదని ఈయన. వంటింట్లో గంటసేపు అరుచుకున్నారు.

మావారు అన్నం ముందునుంచి లేచి, ఇండియా వెళ్ళిపోయే ఆయన దగ్గరికెళ్ళారు. “చూడండి. ఆ ఫ్రిజ్జు సగం వాటా ఎంత చేస్తుందో మీరు చెప్పండి. ఆ ధరకి మీ వాటా కొనాలో, అదే ధరకి తన వాటా మీకే అమ్మాలో అవతలాయన ఇష్టం. ఇప్పుడు చెప్పండి ధర!”

వెళ్ళిపోయే ఆయన లెంపలు గోక్కుని, చాలా మర్యాదైన ధర చెప్పాడు. ఐదు నిమిషాల్లో బేరం అయిపోయింది.

నేను పెరుగన్నం కలుపుకుంటూ అలాగే ఉండిపోయాను. “ఏమైంది సుభద్రా, ఉప్పు ఎక్కువైందా?” అన్నారు మావారు.

“షాక్ అబ్జార్బర్లు దొరికాయండీ!” అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

నాలుగో మీటింగులో లేచి చెప్పాను. బిల్లులొద్దు. రేసు అయిన అరగంటలోపు ఏ టీమైనా ఆరు వేల రియాళ్ళు నా బల్ల మీద పెట్టి, ఏ కారు షాక్ అబ్జార్బర్లైనా అడగొచ్చు. ఆ కారు వాళ్ళు ఆ డబ్బు తీసుకుని అక్కడికక్కడే విప్పి ఇచ్చెయ్యాలి. కాదనడానికి లేదు. నిజంగా ఆరు వేలే ఖరీదైతే ఎవరికీ నష్టం లేదు కదా?

గ్రెగర్ టాబ్లెట్ కింద పడింది. అబూ సాలెం బల్ల గుద్ది, “యల్లా! ఖలాస్!” అన్నాడు, ఇక పదండి, తేలిపోయింది అని. ఓటింగులో నాలుగు టీములు ఔనన్నాయి, రెండు కాదన్నాయి. ఇలాంటి పద్ధతి కొన్ని దేశాల చిన్న పోటీల్లో ఎప్పటినుంచో ఉందని నాకు తర్వాత తెలిసింది. కాబట్టి కనిపెట్టింది నేనని గొప్ప చెప్పుకోను. మావారు మాత్రం చెప్పుకుంటారు.

ఇరవై ఆరో నిమిషం

కొత్త నియమం కింద మొదటి రేసు. మధ్యాహ్నం ఎండ, హాయైన చలిగాలి. గ్రెగర్ టీమే గెలిచింది. అతను అవే షాక్ అబ్జార్బర్లతో వచ్చాడు. ఎవరూ అడిగే ధైర్యం చెయ్యరని అతని ధీమా.

నేను బల్ల మీద గడియారం పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు గడిచాయి. ఎవరూ రాలేదు. ఇరవై. మెకానిక్కులంతా ఏదో పని ఉన్నట్టు నటిస్తూ నా షెడ్డు చుట్టూ తిరుగుతున్నారు. షమాల్ టీము యజమానీ మల్లేశమూ తమ గ్యారేజీ ముందు చేతులూపుకుంటూ వాదించుకోవడం కనిపిస్తోంది. వాళ్ళ దగ్గర మిగిలిన ఆరు వేలూ తర్వాతి రేసు టైర్ల కోసం దాచినవి. ఇది పెడితే టైర్లకు మాఫీ ఫులూస్, చిల్లిగవ్వ ఉండదు.

ఇరవై ఆరో నిమిషంలో మల్లేశం పరుగు మొదలుపెట్టాడు. ఒక చెప్పు దారిలోనే జారిపోయింది. ఒంటికాలి చెప్పుతోనే వచ్చి కవరు బల్ల మీద పెట్టాడు.

“అందుకున్ననా అక్కా టైము?”

“అందుకున్నావు. ఎవరివి కావాలి?”

ఊపిరి తీసుకుంటూ గ్రెగర్ గెలిచిన కారు వైపు వేలు చూపించాడు. షెడ్డు బయట ఈలలు, కేకలు. ఐదు టీముల మనుషులూ ఒక్క టీమైపోయి అరిచారు. గ్రెగర్ నా వైపు చూశాడు. నేను నియమం కాగితం వైపు చూశాను. అతని సొంత మెకానిక్కులే నవ్వాపుకోలేక భుజాలు కదుపుతూ ఆ నాలుగు షాక్ అబ్జార్బర్లూ విప్పి ఇచ్చారు. మల్లేశం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు వాటిని ఎత్తుకుపోయాడు.

తర్వాతి రేసు అరిగిన టైర్లతోనే ఆడతామని యజమానిని ఎలా ఒప్పించావని తర్వాత అడిగాను. “బతిమిలాడిన. ఇగ కాదంటే ఏడ్సిన,” అన్నాడు.

ఎదురు తిరిగిన నియమం

నా సంతోషం రెండు వారాలే. కొత్త షాక్ అబ్జార్బర్లతో షమాల్ కారు ట్రాక్ మీద మేకపిల్లలా గెంతింది. వాటికి ఎన్నో మరలు, ఒక్కో మర తిప్పితే ఒక్కో సంగతి. ఏది ఎటు తిప్పాలో గ్రెగర్ కంప్యూటరుకే తెలుసు. డ్రైవరు దిగి నడుము పట్టుకుని, “ఒంటె మీద కూర్చోబెట్టినా ఇంతకంటే నయం,” అన్నాడు. ఒక కారుకి జర్మన్ సెట్టు, ఇంకో కారుకి మల్లేశం సొంత సెట్టు. ఆ రెండోదే ముందు వచ్చింది. మలుపుల్లో ట్రాక్ అంచు గట్ల మీదుగా వెళ్ళినా పరుపు మీద పోతున్నట్టు పోయింది.

రేసు అయిన ఐదో నిమిషంలో గ్రెగర్ నా బల్ల ముందున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆరు వేలు.

“మేడమ్, షమాల్ టీము రెండో కారువి కావాలి.”

నేను నియమం రాసేటప్పుడు ఈ సంగతి తట్టనేలేదు. డబ్బున్నవాడి దగ్గర పేదవాడు కొంటాడనే ఊహించాను. మల్లేశం వచ్చి నా ముందు నించున్నాడు.

“అక్కా, అవి నా షేతులతోని షేసినయ్. మూడేండ్లు. ఇది న్యాయమేనా?”

“నియమం ప్రకారం...”

“నియమం అడుగుతలేను. న్యాయమేనా అని అడుగుతున్న.”

వాటి సామాను ఖర్చు వెయ్యి రియాళ్ళు కూడా ఉండదు. ఆరు వేలు వస్తున్నాయని అతని యజమాని అప్పటికే సంతోషంగా టైర్ల కొట్టుకి ఫోను చేస్తున్నాడు. నేను నియమం మార్చి చెప్తే, ఆ రోజు నుంచి నా కాటాని ఎవరూ నమ్మరు. “ఇచ్చెయ్యాలి మల్లేశం,” అన్నాను. అతను తనే కారు కిందికి దూరి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా విప్పాడు. నాలుగో దాన్ని గుడ్డతో తుడిచి గ్రెగర్ చేతిలో పెట్టాడు. గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నియమం రాసేవాళ్ళు అది తమకిష్టమైన మనిషి మీద పడ్డప్పుడు ఎలా ఉంటుందో ముందే ఊహించుకోవాలి. నేను ఊహించుకోలేదు.

షమాల్‌లో చాయ్

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే మల్లేశం ఫోను.

“అక్కా, గ్రెగర్ మా గ్యారేజీకి అచ్చిండు.”

“షమాల్‌కా? అంత దూరమా? ఎందుకు?”

“లోపటి స్ప్రింగు ఎటుదిక్కు పెట్టాల్నో అడుగుతుండు. వాళ్ళ కంప్యూటరుకు సమజైత లేదట. చెప్పొచ్చునా? రూల్ ఉందా ఏమన్న?”

నియమాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఒక టీము ఇంకో టీముకి సాయం చెయ్యకూడదని ఎక్కడా లేదు. “రూల్ లేదు. ఊరికే చెప్పకు. నీ దగ్గరున్న అతని మరల సంగతి కూడా అడుగు,” అన్నాను.

“గదే అనుకున్న.” గొంతు తగ్గించి, “చాయ్ పొయ్యాల్నా?” అన్నాడు.

“పొయ్యి.”

సాయంత్రం అతని యజమాని ఫొటో పంపాడు. బోర్లించిన బకెట్టు మీద గ్రెగర్, చొక్కా చేతులు మడిచి, మోచేతిదాకా నల్లటి నూనెతో. పక్కన నేల మీద మల్లేశం. మధ్యలో విప్పిన షాక్ అబ్జార్బర్లు, రెండు చాయ్ కప్పులు. ఇద్దరికీ ఉమ్మడి భాష గట్టిగా నలభై మాటలుంటాయి. ఆ నలభైతోనే ఇద్దరూ ఒకరిమీదొకరు అరుచుకుంటున్నట్టున్నారు. నాకు చెప్పలేనంత ఆనందమేసింది.

తర్వాతి రేసులో జర్మన్ షాక్ అబ్జార్బర్లతో షమాల్ కారు గెలిచింది. మల్లేశం షాక్ అబ్జార్బర్లతో గ్రెగర్ కారు అరసెకను తేడాలో రెండోది. “నా షాక్ అబ్జార్బర్లు గెలిచాయి!” అని గ్రెగర్ ఎగిరాడు. “నా బండి గెల్సింది!” అని మల్లేశం ఎగిరాడు. షమాల్ టీము ఐదుగురూ, యజమానితో సహా, షెడ్డు ముందు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గుండ్రంగా గెంతారు. పలకలు లేపి, ఊడ్చి, మళ్ళీ పరిచి, ఆ తర్వాతే నేను గేజీ పెట్టాను. రెండు కార్లూ సరిగ్గా ఉన్నాయి.

ఆఖరి మీటింగు

సీజను చివర ఆరు టీములూ వచ్చే ఏడాదికి సంతకాలు పెట్టాయి. పోటీ బతికింది. మిగిలింది నా నియమం ఉంచాలా తీసెయ్యాలా అన్నదే. అది నా చివరి పనిదినం కూడా.

వాదన మొదలవగానే అందరం తెల్లబోయాం. నియమం ఉండాల్సిందేనని గ్రెగర్, వద్దని మల్లేశం.

“ఖర్చు తగ్గింది, రేసులు బాగున్నాయి. నేను ఒప్పుకుంటున్నాను,” అన్నాడు గ్రెగర్.

“నాకు పైసలద్దు. నా షాకులు అడగకుండ గుంజుకపోవుడు నాకు నచ్చలే,” అన్నాడు మల్లేశం.

అబూ సాలెం నా వైపు తిరిగాడు. “ముహందిసా?”

నా నియమంలో తప్పుందని ముందు ఒప్పుకున్నాను. డబ్బుతో కొన్నవాడికీ చేత్తో చేసుకున్నవాడికీ అది ఒకే దెబ్బ వేసింది. అందుకని ఒక వాక్యం కలుపుదామన్నాను. షాక్ అబ్జార్బర్లు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు, వాటిని ఎలా చేశారో, ఎలా బిగించాలో అందరికీ కనిపించేలా బొమ్మ గీసి, వివరాలు స్పష్టంగా రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. అప్పుడు ఇవ్వనక్కర్లేదు. ఆరుగురూ చేతులెత్తారు.

“అయితే నాది ఇప్పుడే గీస్త,” అని మల్లేశం చార్టు కాగితం అడిగాడు. గంటసేపు నేల మీద బోర్లా పడుకుని గీశాడు. మనిషికి ఏ శిక్షణా లేదు, గీత మాత్రం స్కేలు పెట్టినట్టుంది. “పేరు రాసుకోవచ్చునా అక్కా?” అన్నాడు. రాసుకోమన్నాను. కింద పెద్దక్షరాలతో రాసుకుని, బోర్డుకి పిన్ను చేశాడు.

టీముల ఇంజనీర్లంతా ఫోన్లు తీసి బోర్డు మీద పడ్డారు. మరుక్షణం అందరూ ఆగిపోయారు. గ్రెగర్ తల ఒక పక్కకి వంచాడు, ఇంకో పక్కకి వంచాడు.

“మేడమ్, ఇది ఏ భాష?”

వివరాలన్నీ తెలుగులో ఉన్నాయి.

“నాకు ఇంగ్లీషుల రాయరాదు,” అన్నాడు మల్లేశం. “నాకచ్చిన దాంట్ల రాసిన.”

“స్పష్టంగా రాయాలని నియమం!” అన్నాడు గ్రెగర్.

దగ్గరికెళ్ళి చూశాను. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. “స్పష్టంగానే ఉంది. ఏ భాషలో రాయాలో నియమంలో లేదు. రాయడం నేనే మర్చిపోయాను,” అన్నాను.

అబూ సాలెం కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మల్లేశం బెదురుగా నా వైపు చూశాడు. గ్రెగర్ ఒక్క నిమిషం ఆలోచించి, ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టాబ్లెట్ పక్కన పెట్టి, ఎవరినో అడిగి కాగితం, పెన్నూ తీసుకున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

నేను బోర్డు పక్కన నించున్నాను. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో ఒక్కో లైనూ చదివాను. జగిత్యాల మాటని ఇంగ్లీషులోకి మార్చడానికి నేను ఇబ్బంది పడుతుంటే మల్లేశం లేచి చేతులతో చూపించేవాడు, అందరూ తలలూపి రాసుకునేవారు.

“మూడో లైను,” అన్నాను. “నడిమి స్ప్రింగు గట్టిగ బిగించకుండ్రి. గట్టిగ బిగిస్తె బండి అలుగుతది. జర సందు ఇడువుండ్రి.”

“సందు ఎంత?” అన్నాడు గ్రెగర్, పెన్ను పైకెత్తి.

మల్లేశం అతని చేతిలోని కాగితం అందుకుని, నిలువుగా చింపి, ఒక ముక్కని రెండు మడతలు పెట్టి, ఆ మందం వేళ్ళతో నొక్కి చూపించి ఇచ్చాడు.

“గింత.”